మేనకోడలి విల్లు, బావగారి బేరం

విజయవాడలో పద్నాలుగేళ్ల అమ్మాయికి కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో చక్రాలుండే విల్లు, కొనాలి. తండ్రి ఓ సెకండ్‌హ్యాండ్ బేరం చూసొచ్చాడు. మేనమామ ఒకప్పుడు పోటీల్లో బాణాలు వేసినవాడు. నేను మేనమామ పక్షమే, దాచుకోను.

బావ: పెద్ద కంపెనీది, లాగడానికి 60 పౌండ్ల బరువుండే లింబ్స్ (విల్లు రెక్కలు), 28 అంగుళాల డ్రా, అదే తాడు లాగే పొడుగు. కొత్తదాని ధరలో సగానికే ఇస్తానన్నాడు. ఎదిగే పిల్ల కదా, ఒక్కసారి కొనేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు.

మామ: ఎదిగే పిల్లకి లంగా పొడుగ్గా కుట్టించి మడత వేస్తాం. ఆ విల్లుకి మడత వెయ్యడం కుదరదు బావా. మొన్న దాని చేతులు చాపించి కొలిచాను, ఈ కొస నుంచి ఆ కొసకి 61 అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే దాని డ్రా 24 చిల్లర. మీరు చూసింది 28. చక్రాల్లేని రికర్వ్ విల్లయితే ఎంత లాగితే అంతే, ఎక్కడైనా ఆగొచ్చు. ఇందులో క్యామ్, అదే కొసన ఉండే చక్రం, పూర్తిగా తిరిగితేనే బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదలే లెట్-ఆఫ్. అది 80 శాతం అంటే 60 పౌండ్లలో చివరికి చేతిలో మిగిలేది 12. అక్కడిదాకా రావాలంటే దీని తాడు చెవి దాటి వెనక్కి పోవాలి. అంతదూరం లాగలేక ముందే ఆగిందా, బరువంతా భుజం మీదే. చెయ్యి సాగదీసి ఎలాగో చివరికి చేర్చిందా, వదిలినప్పుడు తాడు ముంజేతిని కోస్తుంది. పిల్ల రెండు వారాల్లో విల్లు మూల పెడితే దానికి ఓపిక లేదంటాం.

బావ: లింబ్స్ బోల్టు వదులు చేస్తే బరువు తగ్గుతుందన్నాడే.

మామ: మామూలుగా ఓ 10 పౌండ్లు తగ్గుతుంది. అంటే 50. అంత బరువు లాగుతూ పోటీ క్వాలిఫికేషన్‌లోనే 72 బాణాలు వెయ్యాలి, ప్రాక్టీసు వేరే. డ్రా పొడుగు మాత్రం బోల్టుతో మారదు.

బావ: సరే, 35 పౌండ్ల పిల్లల విల్లు కొందాం. కాంపౌండ్‌కి దూరం 50 మీటర్లు. అంత తక్కువ బరువుతో 50కి వెయ్యాలంటే గురి చూసే సైటు కిందికి దింపుకుంటూ పోవాలి, చివరికి బాణం దాని అద్దానికే, ఆ స్కోప్‌కే తగిలేలా ఉంటుంది. నేనూ గ్రౌండ్‌కి వెళ్తున్నాన్రా, చూస్తున్నాను. పైగా ఆ పొట్టి విల్లు చేతిలో కుదురుగా నిలవదు. రెండేళ్లకి మళ్లీ కొనాలి, పాతది సగానికి కూడా పోదు. ఆ డబ్బు నువ్విస్తావా?

మామ: సైటు సంగతి నిజమే, కాదనను. తేలిక షాఫ్ట్ (బాణం కాడ) వేస్తే కొంత కలిసొస్తుంది. అదీ మరీ తేలిక పనికిరాదు, విల్లు బరువులో పౌండుకి బాణం 5 గ్రెయిన్లకి (గ్రాముకన్నా చాలా చిన్న తూకం) తగ్గితే విల్లుకే దెబ్బ.

బావ: అసలు మొదట్లోనే రికర్వ్‌లో పెట్టుంటే ఈ గోలే ఉండేది కాదు. ఒలింపిక్స్‌లో లేని ఆటకి ఇంత ఖర్చా?

మామ: 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడుతున్నారు బావా.

బావ: ఒక్క మిక్స్‌డ్ టీమే! వ్యక్తిగతం లేదుగా.

మామ: 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జ్యోతి సురేఖ మూడు బంగారాలు తెచ్చింది. ఈ ఊరమ్మాయే. అప్పుడు మీరు వీధంతా స్వీట్లు పంచారు, ఒలింపిక్స్‌లో లేదని గుర్తురాలేదా?

బావ: ఆమె సంగతి వేరు. విషయానికి రా.

మామ: వస్తున్నా. పిల్లల విల్లు వద్దు, మీరన్న పెద్దదీ వద్దు. 36 అంగుళాల పైన పొడుగుండే టార్గెట్ విల్లే, 40 పౌండ్ల లింబ్స్, 24 అంగుళాల డ్రా నుంచి మొదలయ్యే క్యామ్. క్యామ్‌లోని మాడ్యూల్ అనే ముక్క తిప్పితే డ్రా పెరిగే రకం. సెకండ్‌హ్యాండ్‌లోనూ దొరుకుతుంది, కాస్త ఆగాలంతే. కొనేముందు దాని చేత లాగించండి. విల్లు ఆకాశానికి ఎత్తకుండా, టార్గెట్ వైపే చూపిస్తూ లాగగలగాలి. మ్యాచ్‌లో బాణానికి 20 సెకన్లు, అంతసేపు వణక్కుండా పట్టుకోగలిగితే అది దాని విల్లు. లింబ్స్‌లో పగుళ్లు చూడండి. బాణం లేకుండా మాత్రం తాడు వదలనివ్వకండి, ఒక్కసారికే లింబ్ విరగొచ్చు.

బావ: ఇవన్నీ ముందే చెప్పొచ్చుగా. వాడికి పదివేలు అడ్వాన్స్ ఇచ్చేశాను.

మామ: ఇచ్చేశారా! అది కుడిచేతి విల్లా, ఎడమచేతిదా?

బావ: కుడి. పిల్ల రాసేది కుడిచేత్తోనే కదా.

మామ: రాసే చెయ్యి కాదు, గురి చూడ్డంలో దాని ఏ కన్ను ముందుంటుందో చూశారా? కాంపౌండ్‌ని కుడి నుంచి ఎడమకి మార్చలేం. దాన్ని పిలవండి, చేతులతో కంత చేయించి ఆ గడియారం వైపు చూడమందాం, ఏ కంటితో చూస్తుందో తెలుస్తుంది.

బావ: ఎడమ కన్నని తేలితే వాడు అడ్వాన్స్ తిరిగిస్తాడంటావా?