భూగోళం మిథ్య, ధర సత్యం

2025 జులై 10న బ్రిటన్ ప్రభుత్వం ఒక తాత్విక సత్యాన్ని అధికారికంగా ఆమోదించింది. దాని ప్రకారం గ్రేట్ బ్రిటన్‌లో దూరం అనేది లేదు. స్కాట్లండ్ సముద్రంలో పుట్టిన మెగావాటు వేరు, లండన్ పక్కన పుట్టిన మెగావాటు వేరు అనుకోవడం వట్టి అజ్ఞానం. టోకు కరెంటు మార్కెట్లో రెండింటికీ ఒకటే ధర. అద్వైతం బోధించడానికి శంకరాచార్యులు కాలినడకన దేశమంతా తిరగాల్సి వచ్చింది. లండన్ అధికారులకు ఆ శ్రమ లేదు. రెండు సంప్రదింపు పత్రాలతో, మూడేళ్లలో, కుర్చీ దిగకుండానే సాధించారు.

ఆ మూడేళ్ల తపస్సు 2022 జులైలో మొదలైంది. గ్యాస్ ధరలు మండిపోతున్న రోజులవి. విద్యుత్ మార్కెట్ మొత్తాన్ని సమీక్షిస్తాం, దేన్నీ ముందే కాదనం అన్నారు. దేశాన్ని కొన్ని జోన్లుగా విడగొట్టి ఎక్కడి కరెంటుకు అక్కడి ధర పెడదామా? లేక గ్రిడ్‌లో ఒక్కో చోటికీ ఒక్కో ధర, అంటే నోడల్ పద్ధతికి వెళదామా? 2024 మార్చిలో నోడల్‌ను పక్కన పడేశారు. 2025 జులైలో జోనల్‌నూ పడేశారు. ఇక మిగిలింది ఏమిటయ్యా అంటే, మొదటి నుంచీ ఉన్నదే. దానికే 'సంస్కరించిన జాతీయ ధర' అని నామకరణం చేశారు. కొండను తవ్వినవాళ్లకు ఎలుకైనా దొరికింది. వీళ్లు తవ్విన మట్టినంతా మళ్లీ కొండగా పేర్చి రిబ్బన్ కత్తిరించారు.

పేచీ అంతా వైర్ల దగ్గర వచ్చింది. గాలి ఎక్కువగా వీచేది స్కాట్లండ్‌లో. జనం ఎక్కువగా ఉండేది ఇంగ్లండ్ దక్షిణాన. మధ్యలో ఉన్న లైన్లు మోయగలిగింది కొంతే. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇలాంటి మార్కెట్ ఊహించుకునే దేశాన్ని 'రాగి పళ్లెం' అంటారు. ఏ అంచున కరెంటు పోసినా అవతలి అంచున దొరుకుతుంది, మధ్యలో అడ్డేమీ ఉండదు. 2005 ఏప్రిల్ 1న స్కాట్లండ్‌ను ఇంగ్లండ్, వేల్స్ మార్కెట్లో కలిపినప్పటి నుంచీ ఆ పళ్లెం ఇంకా పెద్దదైంది. తేదీ నేను ఎంచలేదు, వాళ్లే ఎంచుకున్నారు.

ఆ పళ్లెంలో జరిగే భోగం చూడాలంటే 2025 జూన్ 3 నాటి ఒక్క అరగంట చాలు.

స్కాట్లండ్ ఈశాన్యాన మోరే ఫర్త్‌లో గాలి జోరుగా వీస్తోంది. అక్కడి గాలిమరల కరెంటు ముందే మార్కెట్లో అమ్ముడుపోయింది. కొన్నవాడు ఎక్కడుంటాడని మార్కెట్ అడగదు. అడగడం మర్యాద కాదు. సరఫరాకు గంట ముందు బేరాలన్నీ మూసేస్తారు. అప్పుడు గ్రిడ్ నడిపే నెసో అనే సంస్థ కంట్రోల్ రూమ్‌లో ఇంజనీర్లు (ఈ దేశంలో మ్యాపు చూసే అనుమతి ఉన్నది పాపం వాళ్లకే) ఇంత కరెంటు లైన్లు మోయలేవని గుర్తిస్తారు. ఆ తర్వాత ముచ్చట ఇలా సాగుతుందనుకోండి.

"గాలిమరల వారూ, తమరు కాస్త ఆగాలండీ."

"ఆగుతాం. ఏమిస్తారు?"

"అమ్మిన కరెంటు డబ్బు మీ దగ్గరే ఉంటుంది కదండీ."

"అది అమ్మినందుకు. ఇది ఆగినందుకు. మర తిరిగితే సబ్సిడీ వస్తుంది. ఆగితే పోతుంది. ఆ లోటు ఎవరు పూడుస్తారు?"

"సరే, రాసుకోండి. హలో, గ్రెయిన్ గ్యాస్ కేంద్రం వారేనా? తమరు కాస్త మొదలెట్టాలండీ."

"మొదలెడతాం. ఏమిస్తారు?"

"అక్కడ వాళ్లు అమ్మిన కరెంటు ఇక్కడ మీరు తయారు చెయ్యాలి."

"ఎవరు అమ్మితే మాకేంటండీ. రేటు చెప్పండి."

ఆ అరగంట ఆగినందుకు గాలిమరలవారికి 72,000 పౌండ్లు. అదే అరగంటలో, ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరాన, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట గ్యాసు కాల్చినందుకు గ్రెయిన్ కేంద్రానికి 43,000 పౌండ్లు. అమ్మినవాడు తయారు చెయ్యలేదు. తయారు చేసినవాడు అమ్మలేదు. కొన్నవాడికి ఈ సంగతే తెలియదు. అందరూ పెద్దమనుషులే, ఎవరూ ఒక్క నిబంధన కూడా దాటలేదు. దొంగతనమైతే ఎవరినో ఒకరిని పట్టుకోవచ్చు. ఇది పద్ధతి.

ఇందులో ఇంకో సొగసుంది. గ్యాస్ కేంద్రాన్ని ఆపమంటే మామూలుగా అదే గ్రిడ్‌కు ఎదురు డబ్బు కడుతుంది. గ్యాసు మిగిలింది కదా మరి. గాలిని ఆపితే మిగిలేదేమీ లేదు, పోయేది సబ్సిడీ. అందుకని ఆపడానికి అన్నింటికన్నా ఖరీదైన యంత్రం ఏదంటే, తిరగడానికి ఇంధనమే అక్కర్లేనిది. యాంగస్ తీరంలో సీగ్రీన్ అని 114 మరల కేంద్రం ఉంది. 1,075 మెగావాట్లు, స్కాట్లండ్‌లో అన్నింటికన్నా పెద్దది. ఆక్టోపస్ ఎనర్జీ కంపెనీ లెక్క ప్రకారం 2024లో నూటికి 71 పాళ్ల సమయం దాన్ని తగ్గించి నడిపారు, అందుకుగాను 6.5 కోట్ల పౌండ్లు ముట్టాయి. ఆక్టోపస్ జోనల్ ధరల కోసం గట్టిగా పోరాడిన కంపెనీ. కాబట్టి వాళ్ల లెక్కను ఆ సంగతి తెలిసే చదవండి. సగం కొట్టేసి చదివినా నాకు మింగుడుపడలేదు.

స్కాట్లండ్‌లో పెట్టిన బ్యాటరీల అవస్థ ఇంకో రకం. దేశమంతటికీ ఒకటే ధర కాబట్టి సాయంత్రం లండన్‌లో వాడకం పెరిగితే స్కాట్లండ్‌లోనూ ధర పెరుగుతుంది. బ్యాటరీ బుద్ధిగా ఆ ధర చూసి, అప్పటికే కిక్కిరిసిన లైన్లోకి తన కరెంటునూ తోస్తుంది. అప్పుడు దానికీ ఫోన్ చెయ్యాలి. రద్దీ తగ్గిస్తుందని పెట్టిన పరికరం చేత రద్దీ పెంచించి, పెంచొద్దని మళ్లీ బతిమాలి, డబ్బిచ్చి ఆపాలి. తప్పు బ్యాటరీది కాదు. దానికి చేరిన ధరే అబద్ధం.

ఇదంతా స్కాట్లండ్ గొడవ అనుకునేరు. 2022 జులై 20న వైరు బిగుసుకుంది లండన్ దగ్గర. ఎండలు దంచేస్తున్న వారం. ఉన్న కరెంటు లండన్ ఆగ్నేయ మూలకు చేరే దారి లేక, సముద్రం కింది కేబుల్ గుండా బెల్జియం నుంచి తెప్పించారు. మెగావాట్ అవర్‌కు 9,724.54 పౌండ్లు. ఆ 54 పెన్నీల దగ్గర నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. అంత విపత్తులోనూ చిల్లర వదల్లేదు.

పోనీ ఇది మనిషి బుర్రకు అందని సమస్యా? న్యూజిలాండ్ 1996లోనే చోటును బట్టి ధర పెట్టేసింది. అమెరికా తూర్పున పీజేఎమ్ గ్రిడ్ 1998లో పెట్టింది. ప్రభుత్వం పేరెత్తితే తుపాకీ వెతుక్కునే టెక్సస్ 2010 డిసెంబరు 1న జోన్లు వదిలి నోడల్‌కు మారింది. స్వీడన్ 2011లో నాలుగు జోన్లయింది. వీటన్నిటి వెనకా ఉన్న లెక్క ఒకటే. లైను నిండితే ఇవతల ధర పడుతుంది, అవతల పెరుగుతుంది. ధర పడినచోట మరలు వాటంతట అవే తగ్గుతాయి, బ్యాటరీలు నింపుకుంటాయి, చవక కరెంటు కావాల్సిన ఫ్యాక్టరీ వెతుక్కుంటూ వస్తుంది. ఫోన్ చేసి బతిమాలే పని చాలావరకు తప్పుతుంది.

మార్కెట్ భూగోళాన్ని అరకొరగా చూస్తే ఏమవుతుందో కాలిఫోర్నియా చూపించింది. అక్కడ 2000 ప్రాంతంలో ఎన్రాన్ కంపెనీ వ్యాపారులు 'డెత్ స్టార్' అనే ఎత్తు వేశారు. రద్దీ లైనుకు ఎదురు దిశలో కరెంటు పంపుతున్నట్టు షెడ్యూలు రాసేవారు, రద్దీ తగ్గించినందుకు డబ్బు పుచ్చుకునేవారు. అదే కరెంటు ఇంకో దారిన చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చేసేది. గ్రిడ్‌కు ఒక్క మెగావాటు కలిసిందీ లేదు, తగ్గిందీ లేదు. కాలిఫోర్నియా బుద్ధి తెచ్చుకుని 2009లో నోడల్‌కు మారింది. అదీ ఏప్రిల్ 1నే.

మరి బ్రిటన్‌కు ఏమొచ్చింది? పెట్టుబడిదారులు భయపడతారని వచ్చింది. స్కాట్లండ్ జోన్‌లో ధర ఎంత పడుతుందో తెలియకపోతే మరల మీద అప్పిచ్చేవాడు వడ్డీ పెంచుతాడు, ఆ వడ్డీ తిరిగి జనం మీదే పడుతుంది, మార్పు చెయ్యడానికే ఏళ్లు పడుతుంది అన్నారు. ఇది తీసిపారేసే మాట కాదు. కొత్త కేంద్రాలకు కాంట్రాక్టులిచ్చే వేలం ముంగిట ఉన్నప్పుడు ఏ ప్రభుత్వమైనా ఆలోచిస్తుంది. కానీ ఆ భయాన్ని వీళ్లు పోగొట్టలేదు, చేతులు మార్చారంతే. లైను నిండిపోయే ప్రమాదాన్ని దాన్ని లెక్కగట్టగల కంపెనీ నెత్తి నుంచి దింపి, లెక్కే తెలియని ఇల్లాలి నెత్తిన పెట్టారు. ఆవిడ వడ్డీ పెంచలేదు కదా.

వైర్లు వేస్తే సరిపోతుంది కదా అంటారు. వేస్తున్నారు. స్కాట్లండ్‌లోనే బ్యూలీ నుంచి డెన్నీకి లైను కోసం 2005లో దరఖాస్తు పెడితే 2010లో అనుమతి వచ్చింది, 2015లో కరెంటు పారింది. మరలకు మాత్రం ఆ కట్టుబాటు లేదు. వైర్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ముందు కలిపేయండి, నష్టాన్ని అందరికీ పంచుదాం అని 2010లోనే రూలు మార్చారు. ఉద్దేశం మంచిదే. స్కాట్లండ్‌లోని పీటర్‌హెడ్ నుంచి ఇంగ్లండ్‌లోని డ్రాక్స్‌కు సముద్రం గుండా వేస్తున్న కేబుల్ 2029కి వస్తుందట. లైన్లు ఆలస్యమైతే 2030 నాటికి ఈ రద్దీ ఖర్చు ఏటా దాదాపు 800 కోట్ల పౌండ్లకు చేరవచ్చని నెసోయే హెచ్చరించింది.

ఇక ఆ డబ్బు ఎవరిది? 2023 మార్చి దాకా ఒకరిని ఆపి ఇంకొకరిని మొదలెట్టించే ఈ సర్దుబాటు ఖర్చును కరెంటు తయారుచేసే కంపెనీలు, సరఫరాదారులు కలిసి మోసేవారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల వాటా తీసేశారు. యూరప్ కంపెనీలతో పోటీలో మనవాళ్లు నష్టపోతున్నారట, ఎలాగూ చివరికి కట్టేది వాడకందారే కదా, నేరుగా కట్టనివ్వండి అన్నారు. ఒక్కసారి ఆగి ఈ తర్కం చూడండి. మరను ఎక్కడ పెట్టాలో నిర్ణయించింది కంపెనీ. లైను ఎప్పుడు వెయ్యాలో నిర్ణయించింది ప్రభుత్వం. ధర ఎలా ఉండాలో నిర్ణయించింది మంత్రివర్గం. ఈ మూడింటిలో దేనిలోనూ నోరెత్తే అవకాశం లేని మనిషి, ప్రీపేమెంట్ మీటర్లో ముందే డబ్బు నింపుకుని, అది అయిపోతే చలిలో దుప్పటి కప్పుకుని కూర్చునే మనిషి, ఆ మనిషి కట్టాలి. ఎందుకు కడుతున్నాడో అయినా చెప్పారా? ఇంటి బిల్లులో ఈ ఖర్చుకు విడిగా ఒక వరుస కూడా లేదు. సిగ్గు ఉన్నచోట కనీసం రసీదు ఇస్తారు.

చోటును బట్టి ధర అన్యాయం, పిన్‌కోడ్ లాటరీ అని వాదించినవాళ్లున్నారు. ఇళ్ల కరెంటుకు పెట్టిన రిటైల్ ధరల పరిమితి అక్కడ ఇప్పటికే 14 ప్రాంతాలకు 14 రకాలుగా ఉంది. అది లాటరీ కాదు కాబోలు. జాతీయ ఐక్యత ముఖ్యం కదా అని నేనూ సర్దుకుందును. కానీ నాలుగు నెలలు తిరిగేసరికి, 2025 నవంబరులో, అదే ప్రభుత్వానికి హఠాత్తుగా మ్యాపు దొరికింది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు కరెంటు మిగిలే చోట పెడితే గ్రిడ్‌కు ఖర్చు తగ్గుతుందని కనిపెట్టి, వాటికోసం ఎంచిన ప్రత్యేక మండలాల్లో చోటును బట్టి కరెంటు రాయితీ ప్రకటించింది. స్కాట్లండ్‌లో పెడితే ఎక్కువ, ఇంగ్లండ్ ఉత్తరాన పెడితే కొంత తక్కువ, 2027 ఏప్రిల్ నుంచి.

అంటే దూరం ఉందన్నమాట. సర్వర్లకు ఉంది. మోరే తీరంలో, గ్యాస్ పైపు రాని ఊళ్లో, సముద్రంలో ఆగిన మరల వైపు చూస్తూ కరెంటు హీటరుతో చలికాలం వెళ్లదీసే ముసలమ్మకు లేదు. ఆవిడ ఇంటిని కూడా ఆ మండలాల జాబితాలో చేర్చమని అర్జీ పెట్టుకోవచ్చేమో అని నిబంధనలు చూశాను. 2030 నాటికి కనీసం 500 మెగావాట్ల ఏర్పాటు చూపించాలట. ఆవిడకు ఉన్నవి ఒక హీటరు, ఒక కెటిల్.