వారం రోజులతో తీరే జబ్బు కాదు

“పది రోజులు డీఅడిక్షన్ సెంటర్లో పెట్టాం, మత్తు మాత్రలు మానేశాడు. ఇంకా ఏమైంది వీడికి?” అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి కొడుకును వెంటబెట్టుకుని బెంగళూరులో డాక్టర్ల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకు వచ్చే మొదటి సందేహం ఇదే. వాళ్లను తప్పుపట్టలేం. హెరాయిన్, నొప్పి మాత్రల్లాంటి ఓపియాయిడ్ల మత్తుకు మానడమే వైద్యమని వాళ్లకు చెప్పినవాళ్లే ఎక్కువ.

నొప్పిని తగ్గించే పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయి. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ 1975లో పంది మెదడు నుంచి వేరుచేసిన ఎన్‌కెఫాలిన్లు అలాంటివే. ఎండార్ఫిన్లు, డైనార్ఫిన్లు ఆ తర్వాత బయటపడ్డాయి. హెరాయిన్, మార్ఫిన్, నొప్పి మాత్ర ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు పనిచేసేదీ ఈ పదార్థాలు అతుక్కునే గ్రాహకాల (కణాల మీది తాళాల్లాంటి చోట్ల) మీదే. రోజూ ట్యాంకర్ నీళ్లు వస్తుంటే ఇంట్లో బోరు సంగతి ఎవరికీ పట్టదు. ఒళ్లూ అంతే. బయటి సరుకు నెలల తరబడి అందుతుంటే గ్రాహకాలు మొద్దుబారతాయి. మెదడులో ఎండార్ఫిన్ తయారీ కూడా తగ్గుతుందని జంతువులపై చేసిన పరిశోధనల్లో తేలింది.

అలాంటి మనిషి ఒక్కసారిగా మానేస్తే మెదడులో, ఒంటిని అప్రమత్తం చేసే నార్‌అడ్రినలిన్ ఎగసిపడుతుంది. బెంగళూరు మారతహళ్లిలోని పీజీ గదిలో ఓ కుర్రాడు ఆగకుండా ఆవులిస్తుంటాడు. కళ్లూ ముక్కూ కారుతుంటాయి. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. విరేచనాలు, కాళ్ల పీకుడు, కంటి మీద కునుకుండదు. వైరల్ జ్వరమేమోనని పక్క మంచం కుర్రాడు పారాసెటమాల్ ఇస్తాడు. ఈ బాధ చాలామందిలో వారం, పది రోజుల్లో తగ్గుతుంది. అందరూ హమ్మయ్య అనుకునేది అప్పుడే.

అసలు పరీక్ష ఆ తర్వాతే. సొంత పదార్థాలు, వాటి గ్రాహకాలు మళ్లీ దారిలో పడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా డైనార్ఫిన్ జోరు మీద ఉంటుంది. అది సంతోషాన్ని ఇచ్చేది కాదు, మనసును కుంగదీసేది. నిద్ర సరిగా పట్టదు, ఇష్టమైన కూర కూడా రుచించదు, చిన్న నొప్పికే విలవిల్లాడతాడు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకమనో పొగరనో అనుకుని తిడతారు. ఒంట్లో లోటును తిట్లతో పూడ్చలేమని మేం గట్టిగా చెప్పదలిచాం.

ఇక్కడే ప్రాణాపాయం కూడా ఉంది. కొన్నాళ్లు మానేసిన శరీరం పాత డోసును తట్టుకోలేదు. సెంటర్ నుంచి బయటికొచ్చి, టెన్షన్ తట్టుకోలేక ఒక్కసారికే కదా అని మునుపటంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

ఈ వ్యసనానికి వాడే మందులైన బుప్రెనార్ఫిన్, మెథడోన్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో పెట్టింది ఇందుకే. ఇవి ఆ గ్రాహకాలను నిలకడగా పట్టి ఉంచి, మనిషికి తేరుకునే వ్యవధినిస్తాయి. “ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందా” అని బంధువులు నిరుత్సాహపరిస్తే వినక్కర్లేదు. డాక్టర్ చెప్పినంత కాలం వాడాలి.

దేశంలో 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారని కేంద్రం 2019లో వెలువరించిన సర్వే అంచనా వేసింది. భయంతో దాక్కునేవాళ్లే ఎక్కువ. సొంత వాడకానికో, కొద్ది మోతాదుతోనో కేసులో చిక్కినవాళ్లు గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ మాట పీజీల గోడల మీద కనపడాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416) ఉంది. కానీ ప్రతి నెలా మందు కోసం అనంతపురం నుంచి బస్సెక్కి రావడం కూలి చేసుకునే కుటుంబానికి సాధ్యమా? బుప్రెనార్ఫిన్ రాయగల డాక్టరు, ఇవ్వగల కౌంటరు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండేలా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చూడాలి. బెంగళూరు ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంతో పాటు ఆ పాత డోసు హెచ్చరికను తెలుగులో రాసి, తల్లిదండ్రులకు చదివి వినిపించి మరీ పంపాలి.