ఎడారి గుంతలో గింజా, అంటా?

(వేడి ఎడారి. ఇంటి వెనక ఖాళీ జాగా, అందులో మరిది తవ్వించిన ఆరు గుంతలు. పొద్దు వాలింది గానీ నేల ఇంకా కాలుతూనే ఉంది. మెట్ల మీద వదిన, ఒళ్లో పళ్ల గింజలు ఆరబెట్టిన పళ్లెం.)

మరిది: వదినా, మళ్లీ గింజలేనా? గుంతలు తవ్వించింది అంటు మొక్కల కోసం.

వదిన: పోయినేడు నాలుగు తెచ్చావు కదయ్యా. వేసవి దాటింది ఒక్కటి. దాన్ని కూడా మొక్క అనాలో పుల్ల అనాలో తెలీదు.

మరిది: ఎండ అలాంటిది మరి! 2023లో అమెరికా ఎడారి నగరం ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. ఆ ఎండలో మీ గింజ మాత్రం నిలుస్తుందా?

వదిన: అన్నీ నిలవవు. నిలిచినదాని వేరు చూడు. రేగు మొలిచిందంటే పైన నాలుగాకులు వేసేలోపే తల్లి వేరు పాతాళానికి దారి పట్టేస్తుంది. నీ అంటు మొక్కకి ఆ అదృష్టం ఏది? ఏడాదిగా సంచిలో పెరిగింది. అడుగు తగిలిన చోట వేరు చుట్టలు చుట్టుకుంది. చచ్చిన మొక్కల్ని పీకుతుంటే చూశాను, వేర్ల ముద్ద ఇంకా సంచి ఆకారంలోనే ఉంది.

మరిది: అప్పుడు మీరు నీళ్లు సరిగ్గా పెట్టలేదని నన్ను తిట్టారు.

వదిన: అదీ నిజమే. రోజూ చెంబెడు పోశావు. పైనే తడి ఉంటే వేరు పైనే తచ్చాడుతుంది. కుదురుకున్న చెట్టుకి కొన్ని రోజులకోసారైనా లోతుగా దిగేట్టు పెట్టాలి. అప్పుడే నీళ్లలో ఉప్పు కూడా వేరు దాటి కిందికి పోతుంది. ఆకుల కొసలు మాడితే ఎండ దెబ్బ అనుకున్నాం. సగం ఉప్పు దెబ్బే.

మరిది: వేరు సంగతి ఒప్పుకున్నాను. పండు మాటేమిటి? ఆపిల్ తీసుకోండి. మామూలు రకాలు కాయాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి, చాలావాటికి 800 పైనే. ఇజ్రాయెల్‌లో తయారుచేసిన 'అన్నా' రకానికి రెండు మూడు వందల గంటలు చాలు. ఆ గుణం దాని గింజకి వస్తుందని రాసిస్తారా?

వదిన: రాసివ్వను. ఆపిల్ గింజని తడిపి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో పెడితేగానీ మొలవదు. అంత చాకిరీ చేశాక ఏ కాయ వస్తుందో తెలీకపోతే టెన్షన్ ఎందుకు? ఒక గుంత నీ ఆపిల్ అంటుకి ఇచ్చేస్తున్నా. మల్బరీకి కొమ్మ గుచ్చుకో, గింజ కంటే చాలా ముందే కాస్తుంది.

మరిది: రెండు గుంతలు గెలిచాను! మరి నారింజ?

వదిన: అక్కడ ఆగు. చాలా నారింజ రకాల గింజల్లో ఒకటికి మించి పిండాలుంటాయి. కొన్ని అచ్చంగా తల్లి కణాల నుంచే వస్తాయి, అందుకే మొక్క తల్లి పోలికే.

మరిది: పోలిక తల్లిదే, ఓపిక మాత్రం మనది. కాయడానికి ఏడెనిమిదేళ్లు, ఈలోపు ఒళ్లంతా ముళ్లు.

వదిన: (నవ్వి) ముళ్లుంటే మేకలు రావు.

మరిది: బ్లూబెర్రీ గింజలు కూడా దాచారా ఏమిటి?

వదిన: ఒకప్పుడు ఆ పిచ్చి నాకూ ఉండేది. దానికి ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. ఎడారి మట్టి ఎనిమిది దగ్గర ఉంటుంది. ఆమ్ల మట్టి తొట్టిలో పోసి పెంచాను. నీళ్లలో సున్నం ఉండటంతో ఆరు నెలలకే ఆకు పసుపెక్కింది, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. బెర్రీ తినాలనుంటే ఫాల్సా వెయ్యి. ఎండంటే దానికి లెక్కలేదు, గింజ మొక్క కూడా రెండో ఏటికి నాలుగు కాయలు చూపిస్తుంది.

మరిది: అన్నట్టు వదినా, కిటికీలో ఆ ప్లాస్టిక్ కప్పులేమిటి?

వదిన: మొలకలు. నేలలో వేస్తే చీమలూ ఎలుకలూ ఉండనివ్వవు.

మరిది: కప్పుకి అడుగు లేదా? నా సంచిలో చుట్టుకునే వేరు మీ కప్పులో చుట్టుకోదా?

వదిన: ... వేరు అడుగు తాకకముందే దించెయ్యాలి.

మరిది: అవి వచ్చి ఐదు నెలలైంది.

వదిన: (పళ్లెం పక్కన పెట్టి) సరే, దొరికిపోయాను. అవి పారేస్తాను. ఈసారి గింజ గుంతలోనే, పైన వల బుట్ట బోర్లించి. పడమటెండ తగలకుండా ఏ తుమ్మ పక్కనో. అమెరికా, మెక్సికోల్లోని సొనోరన్ ఎడారిలో సగువారో జెముడు పిల్లలు కూడా పాలో వెర్దే లాంటి చెట్ల నీడనే బతికి పైకొస్తాయి.

మరిది: బతికి, మళ్లీ పుల్లటి అడవి రేగుకాయలే కాస్తే?

వదిన: అక్కడ నీ పని మొదలవుతుంది. జోధ్‌పూర్‌లోని కాజ్రీ, 1959 నుంచి ఎడారి సేద్యం మీదే పనిచేస్తున్న సంస్థ, రేగుకి చెప్పేది ఇదే. గింజ నేలలోనే మొలవాలి, వేరు దిగాలి, ఆ తర్వాత నిలబడ్డ చోటే మంచి రకం మొగ్గ అంటు కట్టాలి. టెంక పగలగొట్టి లోపలి పప్పు నాటితే వారంలోనే మొలకొస్తుంది.

మరిది: అంటే చివరికి అంటేగా!

వదిన: అంటే. నా వేరు మీద.

మరిది: అయితే లెక్క తేలిపోయింది. ఆపిల్, మల్బరీ నావి, ఫాల్సా, నారింజ మీవి, రేగు ఇద్దరిదీ. ఆరో గుంత?

వదిన: ఖర్జూరం. గింజే.

మరిది: ఎవరైనా గింజతో వేస్తారా దాన్ని? పిలకలు పెట్టుకుంటారు. గింజల్లో సగం మగవే!

వదిన: ఇజ్రాయెల్‌లోని మసాదా కోట తవ్వకాల్లో దొరికిన దాదాపు రెండు వేల ఏళ్ల ఖర్జూరం గింజని 2005లో అక్కడి అరవా ఎడారిలో నాటితే మొలిచింది.

మరిది: మొలిచింది మగదేగా?

వదిన: మగదే. తర్వాత అలాంటి పాత గింజల నుంచే ఆడ చెట్టు కూడా వచ్చింది. ఈ మగదాని పుప్పొడితోనే అది 2020లో కాసింది.

మరిది: మన దాంట్లో ఆడదో మగదో తెలిసేది ఎప్పటికి?

వదిన: నాలుగైదేళ్లు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

మరిది: అప్పటిదాకా నీళ్లెవరు పెడతారు?

వదిన: చెంబుతో మాత్రం నువ్వు కాదు.