పరుగెత్తడానికి అనుమతి దేనికి?

సునామీ సన్నద్ధత మీద ఏ సభ జరిగినా తెర మీద కనిపించేవి అవే బొమ్మలు. సముద్రంలో తేలుతూ అలను పసిగట్టే బోయ్, దాని నుంచి ఉపగ్రహానికి ఒక గీత, ఉపగ్రహం నుంచి కేంద్రానికి మరో గీత, కేంద్రం నుంచి తీరానికి ఇంకో గీత. ఆ చివరి గీత దగ్గరే నా పేచీ. అది ఒడ్డును తాకి ఆగిపోతుంది. అక్కడి నుంచి మిట్ట మీదికి చేరాల్సిన మనిషి బొమ్మ ఎవరూ గీయరు.

2004 డిసెంబరు 26 నాటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. సుమత్రా దగ్గర భూమి కంపించిన సుమారు రెండు గంటలకు శ్రీలంకను చేరిన అలలు పెరలియా దగ్గర కిక్కిరిసిన రైలును ముంచేశాయి. ఇప్పుడా పరిస్థితి లేదు. హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్‌తో పాటు ఇండోనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలు భూకంపం వచ్చిన నిమిషాల్లోనే చుట్టుపక్కల దేశాలకు సమాచారం పంపుతున్నాయి. మంచిదే. దూరాన పుట్టి వచ్చే అలలకు యంత్రాలే దిక్కు. కాళ్ల కింద నేల కదలని చోట మనిషికి వేరే ఆనవాలు దొరకదు. అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ అల దగ్గర్లో పుడితే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. 2018 సెప్టెంబరులో ఇండోనేషియాలోని పాలూలో భూకంపం వచ్చిన కొద్ది నిమిషాలకే నీళ్లు ఊరి మీద పడ్డాయి. అదే ఏడాది డిసెంబరులో అనక్ క్రకటోవా అగ్నిపర్వతం ఒక పక్క సముద్రంలోకి కూలింది. భూకంపాన్ని చూసి మేల్కొనే వ్యవస్థకు ఆ రాత్రి మెలకువే రాలేదు. 400 మందికి పైగా చనిపోయారు. మరి సుమత్రా పక్కనే ఉన్న సిమెలూ దీవి సంగతి? 2004లో భూకంప కేంద్రానికి అతి దగ్గరున్న చోట్లలో అదొకటి. బోయ్ లేదు, సైరన్ లేదు. 1907 నాటి సునామీని అవ్వాతాతలు కథలుగా, జోలపాటలుగా అప్పగించి వెళ్లారు. నేల గట్టిగా కదిలి కడలి వెనక్కి తగ్గితే కొండెక్కాలి, అంతే ఆ పాఠం. సుమారు 78 వేల మంది ఉన్న ఆ దీవిలో మృతులు ఏడుగురు.

ఇక యంత్రాలకు పుట్టినిల్లయిన జపాన్‌కు రండి. 2011 మార్చి 11న భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే తొలి హెచ్చరిక జారీ అయింది. ఇవాతే తీరానికి 3 మీటర్ల అల అని అందులో ఉంది. తర్వాత అంకె పెంచుతూ పోయారు గానీ, కరెంటు పోయిన ఊళ్లలో ఆ సవరణ చాలామందికి చేరలేదు. మూడు మీటర్లే కదా, మన ఒడ్డున కట్టిన అడ్డుగోడ అంతకంటే ఎత్తు కదా అని నిలబడినవారు ఉన్నారు. 2013 నుంచి అక్కడి వాతావరణ సంస్థ మహా భూకంపాల తొలి హెచ్చరికలో అంకె చెప్పడమే మానుకుని, ‘భారీ అల’ అని మాత్రం చెబుతోంది. ప్రపంచంలో మేటి అనిపించుకున్న వ్యవస్థే ‘నా లెక్క కోసం ఆగవద్దు’ అని చెబుతుంటే, మిగతా దేశాలు ఇంకా లెక్కల కోసమే డబ్బు పోస్తున్నాయి.

ఆ రోజే ఇషినోమాకి నగరంలోని ఒకావా ప్రాథమిక పాఠశాలలో జరిగింది తీరప్రాంతాల అధికారులందరూ కంఠతా పట్టాల్సిన ఉదంతం. నది ముఖద్వారానికి సుమారు 4 కిలోమీటర్లు లోపల ఉన్న బడి అది. ముంపు పటంలో దానికి రంగు పడలేదు. ఉపాధ్యాయులు పిల్లలను మైదానంలో వరుసగా నిలబెట్టారు. బడి వెనుకే గుట్ట. ఎక్కుదామని అడిగిన పిల్లలూ ఉన్నారు. రేడియో చెబుతూనే ఉంది, నగరపాలక వాహనం మైకులో అరుస్తూ వెళ్లింది. పెద్దలు మాత్రం ఎటు వెళ్లాలో తేల్చుకోలేక దాదాపు 50 నిమిషాలు గడిపారు. చివరికి బయల్దేరింది కూడా గుట్టకు కాదు, నది వంతెన పక్కనున్న కాస్త ఎత్తు చోటికి. 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు. ముందస్తు సన్నద్ధతలో బడి, నగర యంత్రాంగం విఫలమయ్యాయన్న తీర్పు 2019లో జపాన్ సుప్రీంకోర్టులో ఖరారైంది.

అదే రోజు జపాన్‌లోని కమైషి నగరంలో పిల్లలు ఎవరి మాట కోసమూ ఆగలేదు. ప్రొఫెసర్ కతాదా తోషితాకా అక్కడి బడుల్లో ఏళ్ల తరబడి నేర్పింది మూడు ముక్కలు: పటాన్ని నమ్మొద్దు, చేతనైనంత చేయండి, అందరికంటే ముందు మీరే కదలండి. పెద్ద పిల్లలు పరుగందుకుంటే పక్క బడి చిన్నపిల్లలు వెంటపడ్డారు. ముందుగా నిర్ణయించిన చోటికి చేరాక అక్కడ గుట్ట విరిగిపడటం చూసి ఇంకా పైకి, అక్కడి నుంచి మరింత పైకి వెళ్లారు. ఆ నగరంలో వెయ్యి మందికి పైగా చనిపోయినా, దాదాపు 3 వేల మంది విద్యార్థుల్లో అత్యధికులు బతికారు.

నాకు ఇందులో సునామీకి మించిన సంగతి కనిపిస్తుంది. అడగనిదే కదలకూడదని పిల్లలకు పన్నెండేళ్లు నేర్పి, పదమూడో ఏట విపత్తు రాగానే సొంత బుద్ధితో ఆలోచించమంటే ఎలా? 1991లో బంగ్లాదేశ్‌ను ఉప్పెన ముంచినప్పుడు హెచ్చరికలు వెళ్లాయి. అయినా లక్షా 30 వేల మందికి పైగా చనిపోయారు, వారిలో స్త్రీలే ఎక్కువ. భర్త వచ్చి చెప్పేదాకా గడప దాటకూడదని ఆగిపోయినవారు ఎందరో. తర్వాతి కాలంలో అక్కడ మార్పు తెచ్చినవాటిలో తుపాను ఆశ్రయాలతో పాటు ఇల్లిల్లూ తిరిగే వాలంటీర్లున్నారు. ఇప్పుడు వారు సుమారు 76 వేల మంది, అందులో సగం మహిళలు. ఆడమనిషి వచ్చి తలుపు తడితే ఇల్లాలు కదిలింది. కాంక్రీటు కంటే ఈ మార్పే నాకు పెద్దది.

ఎవరికి తోచినట్టు వారు పరుగెత్తితే గందరగోళమేనని అధికారులు అంటారు. 2012 ఏప్రిల్‌లో 8.6 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఇండోనేషియాలోని బందా ఆచేలో జనం వాహనాలతో రోడ్లమీద ఇరుక్కుపోయిన మాట నిజం. అయితే అది త్వరపడినందుకు వచ్చిన చిక్కు కాదు, కాలినడకన చేరగల ఎత్తు చూపించనందుకు వచ్చింది. వృథాగా పరుగెత్తితే పోయేది ఒక పూట పని.

34 మీటర్ల అల రావచ్చని 2012లో అంచనా వెలువడినప్పుడు జపాన్‌లోని కురోషియో పట్టణం గోడ కట్టలేదు. ఉద్యోగులను వాడలకు పంపి, ఇంటికొక కార్డు రాయించింది. ఎవరు నడవలేరు, ఎటు వెళ్లాలి అనేవి అందులో ఉంటాయి. యునెస్కో ‘సునామీ రెడీ’ గుర్తింపుకు 12 సూచికలున్నాయి. ఒడిశాలోని వెంకటరాయపూర్, నోలియాసాహి గ్రామాలు 2020లో హిందూ మహాసముద్ర తీరంలో తొలి గుర్తింపు పొందాయి. నన్నడిగితే పదమూడోది చేర్చాలి: చెప్పాపెట్టకుండా, అర్ధరాత్రి, సైరన్ లేకుండా ఒక మాక్ డ్రిల్. ఏదో ఒక ఇంటివారు నేల కదిలిందని అరవడమే సంకేతం. అధికారులు వేదిక ఎక్కకుండా మిట్ట మీద గడియారంతో నిలబడి, అందరికంటే చివరగా వచ్చిన మనిషికి పట్టిన సమయాన్నే ఆ ఊరి ఫలితంగా రాసుకోవాలి.