పురాతన దేవుడికి వయసు ధ్రువపత్రం

2023 మే 6న జరిగిన మూడో చార్లెస్ పట్టాభిషేకానికి పంపిన ఆహ్వాన పత్రిక మీద, అడుగు అంచున, ఆకులే మీసాలూ గడ్డాలూ అయిన 'గ్రీన్‌మ్యాన్' అనే ముఖం ఒకటి కొలువుదీరింది. వసంతానికీ పునర్జన్మకూ ప్రతీక అయిన పురాతన బ్రిటిష్ జానపద మూర్తి అని రాజప్రాసాదం వివరణ ఇచ్చింది. ఇంగ్లాండ్ చర్చికి అధిపతి అయిన రాజుగారి పత్రిక మీద అన్యదేవత ఏమిటని కొందరు భక్తులు నొచ్చుకున్నారు. ఇన్నాళ్లకు మా స్వామికి గద్దె దక్కిందని ప్రకృతి ఆరాధకులు మురిసిపోయారు. గ్రీన్‌మ్యాన్ బహు పురాతనుడన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు. ఇంతటి ఏకాభిప్రాయాన్ని చెడగొట్టడం మర్యాద కాదు గానీ, పుట్టిన సంవత్సరం దాఖలై ఉండగా దాచిపెట్టడం కూడా ధర్మం కాదు.

ఆ సంవత్సరం 1939. వేల్స్‌లోని లాంగుమ్ గ్రామ చర్చిలో, నోట్లోంచీ చెవుల్లోంచీ ఓక్ ఆకులు మొలుచుకొచ్చిన రాతి ముఖాన్ని చూసిన లేడీ రాగ్లన్, 'ఫోక్‌లోర్' పత్రికలో దాని మీద వ్యాసం రాశారు. అది శిల్పి ఊహ కానే కాదనీ, మే ఒకటిన జరిగే వసంత పండుగ మేడే ఊరేగింపులో ఆకుల గూడు కప్పుకుని గంతులేసే జాక్, రాబిన్‌హుడ్, మే రాజు, ఈ రాతి మనిషి అందరూ ఒక్క గ్రీన్‌మ్యానేననీ ఆవిడ తేల్చారు. ఆ లెక్కన ఈ ఆదిమ దైవం పెనిసిలిన్ కంటే పదకొండేళ్లు చిన్న. సాక్షిగా పిలిచిన జాక్ సంగతి ఆరా తీస్తే, ఆయన 18వ శతాబ్దంలో, పొగగొట్టాలు తుడిచే కూలీలు మేడే నాడు నాలుగు డబ్బులు దండుకోవడానికి కట్టిన వేషమని బయటపడింది.

ముఖాలు పాతవి కావని ఎవరూ అనరు. 1140 ప్రాంతపు కిల్‌పెక్ చర్చి ద్వారం దగ్గర ఒకటుంది. 1446లో పునాది పడిన రాస్లిన్ చాపెల్‌లో వందకు పైగా ఉన్నాయి. రోమన్లు అంతకు ముందే ఆకుల ముఖాలను అలంకారంగా చెక్కుకున్నారు. లేనిదల్లా వాటికి ఎవరైనా దండం పెట్టిన దాఖలా. 1125 ప్రాంతంలో, మఠాల్లో చెక్కిన కోతులనూ సింహాలనూ నరాశ్వాలనూ చూసి మండిపడ్డ బెర్నార్డ్ సాధువు సైతం ఇవి సన్యాసుల చదువు చెడగొట్టే పిచ్చి బొమ్మలన్నాడు, సిగ్గు లేకపోతే ఖర్చయినా చూసుకోరాదా అన్నాడు. ఆడిట్ అభ్యంతరమే తప్ప అందులో దైవద్రోహం ఆరోపణ లేదు.

క్రైస్తవుల ఇంట్లోనే వేరే సమాధానం సిద్ధంగా ఉందని కొందరు పండితులు అంటారు. చనిపోయిన ఆదాము నోట్లో కొడుకు షేతు విత్తనాలు పెట్టాడనీ, ఆ చెట్టు కలపే తర్వాత శిలువ అయిందనీ మధ్యయుగపు కథ. ఈ ముఖాల్లో చాలావాటి మీద వసంతోత్సాహం కంటే వేదనే ఎక్కువ కనిపిస్తుందని 1978లో కాథ్లీన్ బాస్‌ఫర్డ్ కూడా చూపించారు. అయితే ఆదాము శవం బొమ్మ వేసిన టీ కప్పును ఎవరూ కొనరు కనుక, ఈ వివరణ అంగడికి పనికిరాదు. ఆలయ తోరణాల మీది కీర్తిముఖం నోటి నుంచి కూడా లతలు వేలాడతాయి కాబట్టి, ఈ విద్య ఇక్కడి నుంచే పోయిందని మనవాళ్లు దావా వేయకపోరు. వేస్తే, ఆధారాల బలంలో అది ఇంగ్లీషు దావాకు ఏమాత్రం తీసిపోదు.

సందేహం తీరనివారు ఇంగ్లాండ్‌లోని సౌత్‌వెల్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చికి వెళ్లి, 13వ శతాబ్దం చివర్లో కట్టిన సభామందిరంలో స్తంభాల తలలను దగ్గరగా చూడవచ్చు. మేపుల్, ఓక్, ద్రాక్ష, ఐవీ, హాప్ ఆకుల్లో ఏది ఏదో వృక్షశాస్త్రజ్ఞులు ఈనెలతో సహా గుర్తుపడతారు. వెనుక రాయిని లోతుగా తొలిచేయడంతో ఆకు గాలికి కదులుతుందేమో అనిపిస్తుంది. చేలగట్ల వెంట కళ్లు తెరుచుకుని నడిచిన మనిషి పని అది. ఆ ఆకుల మధ్య నుంచి తొంగిచూసే ముఖాలన్నిటికీ దైవత్వం ఎప్పుడో మంజూరైంది. వాటి పొరుగునే, ఓక్ చెట్టు కింద కాయలు ఏరుకు తింటున్న పందులున్నాయి. వాటిమీద తగిన వ్యాసం ఇంకా పడలేదు కాబోలు, పాపం, అవి పందులుగానే మేస్తున్నాయి.