సగం ఉద్యోగం ఇచ్చిన చోటే ఆమె పెద్ద ప్రొఫెసర్ అయింది

రాజకీయ సిద్ధాంతాల మీద రాసిన జూడిత్ ష్క్లార్ గురించి ఎక్కడ చదివినా ముందు కనిపించేది "మొట్టమొదటి మహిళ" లిస్టు. హార్వర్డ్ గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్‌లో పర్మనెంట్ ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ, అమెరికన్ రాజనీతిశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలైన మొదటి మహిళ. చూడగానే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, కొట్టడంలో తప్పు కూడా లేదు. కాకపోతే ఆ సంఘం పుట్టింది 1903లో, ఆమె అధ్యక్షురాలైంది 1989లో. మధ్యలో ఎనభై ఆరేళ్లు ఏం చేశారని మాత్రం ఎవరూ అడగరు.

ఈ విజయగాథ నాకు పూర్తిగా మింగుడుపడదు. ఎందుకంటే ఆమె చివరి రోజుల్లో రాసిన ఒక పుస్తకం ఉంది, దాన్ని చదివి ఆమె ఉద్యోగ జీవితాన్ని చూస్తే లెక్క వేరేగా తేలుతుంది.

ముందు మనిషి ఎవరో చెప్పాలి. 1928లో లాట్వియాలోని రీగాలో యూదుల ఇంట పుట్టింది, ఇంట్లో మాట్లాడే భాష జర్మన్. చిన్నతనంలో షేక్‌స్పియర్ సంపుటాలు చేతికొస్తే మొదట చదివిన నాటకం టైటస్ ఆండ్రానికస్ అట. ఆ నరుకుళ్లు, ఆ నెత్తురు చదివి హడలిపోయానని పెద్దయ్యాక చెప్పుకుంది. ఆ పిల్ల భయానికి కారణం పుస్తకం ఒక్కటే కాదు, బయట హిట్లర్ ఉన్నాడు. 1939లో కుటుంబం స్వీడన్‌కి పారిపోయింది, అక్కడా నిలవలేక రైల్లో సైబీరియా మొత్తం దాటి జపాన్‌కీ, అక్కడి నుంచి అమెరికా మీదుగా కెనడాకీ చేరింది. సియాటిల్‌లో కొన్నాళ్లు నిర్బంధంలో కూడా ఉన్నారు. మాంట్రియల్‌లో మెక్‌గిల్ యూనివర్సిటీలో చేరాలంటే యూదుల పిల్లలకు మిగతావాళ్ల కన్నా ఎక్కువ మార్కులు కావాలి, ఆ మార్కులు తెచ్చుకునే చేరింది. ఫ్రెడరిక్ వాట్కిన్స్ అనే మాస్టారు రాజకీయ సిద్ధాంతాల చరిత్ర చెబుతుంటే విని, ఇక నా పని ఇదే అనుకుంది. డిగ్రీ పూర్తికాకముందే పెళ్లయింది.

పీహెచ్‌డీ రాడ్‌క్లిఫ్‌లో, అంటే హార్వర్డ్‌లోనే, ఆడవాళ్లకు కట్టిన ప్రత్యేక గుమ్మం గుండా. అప్పటి హార్వర్డ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, లామాంట్ లైబ్రరీలోకి ఆడవాళ్లను రానిచ్చింది 1967లో. అప్పటికి ష్క్లార్ అక్కడ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది! గైడు కార్ల్ ఫ్రెడరిక్, నోట మెచ్చుకోలు రావడం కష్టమైన మనిషి. 1955లో ఇచ్చిన థీసిస్ రెండేళ్లకు "ఆఫ్టర్ యుటోపియా" అనే పుస్తకంగా వచ్చింది. యుద్ధం తర్వాత రాజకీయాల మీద, మనిషి తన బతుకును తానే బాగుచేసుకోగలడన్న నమ్మకం మీద మేధావులకు ఎందుకు విరక్తి పుట్టిందన్నది అందులో విషయం. డిపార్ట్‌మెంట్ వాళ్లే పిలిచి ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఇస్తే ఆశ్చర్యపోయింది. తర్వాత ముగ్గురు పిల్లలు, క్లాసులు, రాత, అన్నీ ఒకేసారి.

అసలు కథ 1960ల మొదట్లో మొదలవుతుంది. పర్మనెంట్ చేయాల్సిన టైమొచ్చింది. పుస్తకం ఉంది, ఇంకోటి తయారవుతోంది, పాఠం చెప్పడంలో వంక పెట్టడానికి లేదు. డిపార్ట్‌మెంట్ పెద్దలు ఔననలేదు, కాదనలేదు. నాన్చుతూ కూర్చున్నారు. ఇలా నాన్చడం వాళ్లకు అలవాటేననీ, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో చాలాసార్లు చేశారనీ, అది అవమానమనీ ఆమె పాతికేళ్ల తర్వాత ఒక ప్రసంగంలో చెప్పింది. అప్పుడు ఏం చేసిందంటే, నేరుగా డీన్ దగ్గరకు వెళ్లి, సగం రోజుల ఉద్యోగం ఇవ్వండి, లెక్చరర్ అనే పేరే ఉంచండి, కానీ రేపు తీసేయకుండా ఉండేలా ఇవ్వండి అని తనే అడిగింది. ఇచ్చారు. తనకు కావలసింది సరిగ్గా అదే కాదనీ, కానీ తన విలువెంతో ఇంకొకరు తేలుస్తారని ఎదురుచూడటం కన్నా తనే ఒక ఏర్పాటు చేసుకోవడం నయమనిపించిందనీ చెప్పుకుంది. పూర్తి ప్రొఫెసర్ అయ్యేసరికి 1971 వచ్చింది. ఆలోగా న్యాయవాదుల ఆలోచనా తీరు మీద, నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణల మీద "లీగలిజం" (1964), పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్త రూసో మీద ఒక పుస్తకం (1969) వచ్చేశాయి. రెండూ సగం ఉద్యోగంలో ఉండగానే.

ఇప్పుడు నేను చెప్పిన పుస్తకానికి వద్దాం. 1990లో వచ్చిన "ద ఫేసెస్ ఆఫ్ ఇన్‌జస్టిస్". ఒక కష్టాన్ని దురదృష్టం అనాలా, అన్యాయం అనాలా, ఆ గీత గీసేది ఎవరు అన్నదే అందులో ప్రశ్న. 1755లో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో భూకంపం వచ్చి ఊరు నేలమట్టమైతే, ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ లోకం తీరే ఇంతని వాపోయాడు. ఆరేడు అంతస్తుల ఇళ్లు అక్కడ గుట్టగా పేర్చింది ప్రకృతి కాదు కదా అని రూసో ఆయనకు ఉత్తరం రాశాడు. ష్క్లార్ ఆ వాదనను ఇంకా ముందుకు లాగుతుంది. భూమి కదలడం దురదృష్టం, నాసి ఇల్లు కట్టడం, సాయం అందకపోవడం అన్యాయం. వచ్చిన చిక్కల్లా, గీత గీసే అధికారం సాధారణంగా దెబ్బ తగలనివాళ్ల చేతిలో ఉండటం. వాళ్లకు అది ఎప్పుడూ తలరాతలాగే కనిపిస్తుంది. అందుకే దెబ్బ తిన్నవాళ్లు ఏమంటున్నారో ముందు వినాలంటుంది. వాళ్లు చెప్పిందల్లా నిజమైపోతుందని కాదు, వాళ్లను వినకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదని.

ఇంకో మాట కూడా అందులో ఉంది. ప్రాచీన రోమన్ రచయిత సిసెరో నుంచి తెచ్చుకున్నది, నిష్క్రియ అన్యాయం. అది చేసే మనిషి స్వయంగా ఎవరికీ హాని చేయడు, కానీ ఆపగలిగి ఉండి ఆపడు. ఆఫీసులో "ఇది నా సీటు పని కాదండీ" అనేవాడు, పక్కింట్లో కొట్టుకుంటుంటే టీవీ సౌండ్ పెంచేవాడు.

ఈ కొలత తీసుకుని ఆ డిపార్ట్‌మెంట్ మీద పెట్టండి. అక్కడ విలన్ ఎవరూ లేరు. ఆడదానికి ఉద్యోగం ఇవ్వం అని ఎవరూ టేబుల్ గుద్ది చెప్పలేదు. చెప్పి ఉంటే కనీసం దెబ్బలాడటానికి ఒక మనిషి దొరికేవాడు. అందరూ మర్యాదస్తులు, కొందరు స్నేహితులు కూడా, అందరూ కలిసి ఏమీ తేల్చకుండా వదిలేశారు. ఆమె వర్ణించిన నిష్క్రియ అన్యాయం అచ్చంగా ఇదే, ఇంతకన్నా మంచి ఉదాహరణ లిస్బన్ దాకా వెళ్లి వెతకక్కర్లేదు.

దీనికి ఒక జవాబు వస్తుంది, నాకు తెలుసు. పిల్లలు చిన్నవాళ్లు కదా, సగం రోజుల ఉద్యోగం ఆమెకూ వీలుగా ఉంది కదా, తనే అడిగింది కదా అని. అడిగింది, నిజమే. అదే ముగ్గురు పిల్లలున్న ఏ మగ ప్రొఫెసర్ కూడా డీన్ గదికి వెళ్లి సగం జీతానికి బేరమాడాల్సిన అవసరం రాలేదన్నది కూడా నిజమే. ఇంకొందరు ఇంకా ముద్దుగా చెబుతారు, పక్కన పెట్టడం వల్లే కమిటీల గోల లేకుండా ప్రశాంతంగా రాసుకుందని. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బాధితురాలు తట్టుకుని నిలబడితే ఆ క్రెడిట్ కూడా బాధపెట్టినవాళ్ల ఖాతాలోకే పోతుందన్నమాట.

అలాగని ఆమెను జెండాగా ఎత్తుకుందామంటే ఆమే ఒప్పుకోదు. ఉద్యమంలో చేరి, నలుగురితో కలిసి ఒక నమ్మకానికి తలొగ్గడం మేధావి విలువలకు ద్రోహంలా తోస్తుందనీ, అందుకే తాను పూర్తి ఫెమినిస్టును కాలేకపోయాననీ ఆ ప్రసంగంలోనే తేల్చేసింది. ఇక్కడ నాకు ఆమెతో పేచీ ఉంది. బాధితుల గొంతు ముందు వినాలన్న మనిషికి, ఒంటరి గొంతు ఎవరికీ వినపడదన్న సంగతి అందరికన్నా బాగా తెలిసి ఉండాలి. తలుపులు తెరిపించింది గుంపుగా వెళ్లి తట్టినవాళ్లే. కానీ అక్కడ కూడా నిజాయితీ ఉందని ఒప్పుకోవాలి. గుంపులు నమ్మకాలతో ఊగిపోతే ఏం జరుగుతుందో పదకొండేళ్ల వయసు దాటకముందే చూసిన మనిషి. 1984లో రాసిన "ఆర్డినరీ వైసెస్"లో అన్ని దుర్గుణాల్లో క్రూరత్వాన్ని మొదట పెట్టడం, 1989లో రాసిన "భయం నుంచి పుట్టిన ఉదారవాదం" వ్యాసంలో ప్రభుత్వం మనిషిని భయపెట్టకుండా ఉండటమే మొదటి షరతు అనడం, ఇవన్నీ ఆ చిన్నప్పటి రైలు ప్రయాణంలోంచే వచ్చాయని నేను అనుకుంటాను.

ఆమె ప్రొఫెసర్ అయిన 1971లోనే, అదే యూనివర్సిటీలో ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న జాన్ రాల్స్ "ఎ థియరీ ఆఫ్ జస్టిస్" వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు రాజకీయ తత్వశాస్త్రమంతా దాని చుట్టూనే తిరిగింది. న్యాయమైన సమాజం ఎలా ఉండాలో ఆయన గీసి చూపించాడు. న్యాయం గురించి అందరూ రాస్తున్నారు, అన్యాయం అంటే ఏదో న్యాయం లేకపోవడమే అన్నట్టు దాటేస్తున్నారు అన్నది ఈమె ఫిర్యాదు. ఎవరు గొప్ప అన్న పోటీ నాకు వద్దు, కానీ మెట్ల మీద నిలబెట్టిన మనిషికే ఈ ఫిర్యాదు తోచడం యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

తర్వాత గౌరవాలకు కొదవ లేదు. 1984లో మెకార్థర్ ఫెలోషిప్, తర్వాత సంఘం అధ్యక్ష పదవి, ఏమీ గట్‌మన్, నాన్సీ రోసెన్‌బ్లమ్ లాంటి శిష్యులు. 1991లో వచ్చిన "అమెరికన్ సిటిజన్‌షిప్"లో, ఒకప్పుడు బానిసత్వం ఉన్న దేశంలో పౌరుడిగా లెక్కలోకి రావాలంటే రెండు కావాలని వాదించింది. ఒకటి ఓటు, రెండోది సంపాదన. పని చేసి జీతం తెచ్చుకోవడం పొట్టకూటికే కాదు, నలుగురిలో మనిషిగా నిలబడటానికి, అది లాక్కుంటే పౌరసత్వంలో ముక్క కోసేసినట్టే అంది. మరుసటి ఏడు సెప్టెంబర్‌లో, 63 ఏళ్లకే, గుండెపోటుతో పోయింది. ఆ పుస్తకంలో పని గురించిన అధ్యాయం చదివేటప్పుడు, రాసిన మనిషి ఒకప్పుడు తన జీతంలో సగం తనే వదులుకుని కుర్చీ నిలబెట్టుకుందన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ వాదన ఇంకోలా చదువుకోవచ్చు.