సొంత యాప్ ఉంటే చాలదా? చాలదు

బస్సుల డేటా గురించి ఫోన్లలో ఒక మాట తెగ తిరుగుతోంది. "రూట్లు, వేళలు, జీపీఎస్ వివరాలు అందరికీ ఇస్తే ప్రయాణికుల సమాచారం బయటపడుతుంది, భద్రతకు ముప్పు, ప్రైవేటు కంపెనీలు సొమ్ము చేసుకుంటాయి. మన ట్రాఫిక్‌లో ఏ బస్సూ టైముకు రాదు. అయినా ఆర్టీసీకి సొంత యాప్ ఉంది కదా!" నమ్మేలాగే ఉంది. కానీ ఒక్కో మాటా పట్టి చూస్తే నిలవదు.

ముందు ప్రయాణికుల సమాచారం సంగతి. ఈ వివరాలను చాలా దేశాలు జీటీఎఫ్ఎస్ అనే ఒకే పద్ధతిలో ఇస్తాయి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది. స్టాపు పేరు, అది మ్యాపులో ఎక్కడుంది, రూటు నంబరు, ఏ ట్రిప్పు ఏ స్టాపుకు ఎన్నింటికి వస్తుంది, ఏ రోజుల్లో నడుస్తుంది: ఇవే అందులో ఉంటాయి. టికెట్ ఎవరు కొన్నారో, ఎక్కడ దిగారో రాయడానికి చోటే లేదు. బస్టాండు గోడ మీది టైం టేబుల్‌ను కంప్యూటర్ చదవగలిగేలా రాస్తే అదే ఈ డేటా.

భద్రత అంటారా, ఢిల్లీ ప్రభుత్వం ఐఐఐటీ ఢిల్లీతో కలిసి 2018లోనే తన బస్సుల డేటాను అందరికీ ఇచ్చింది. బస్సులు ఎక్కడున్నాయో అప్పటికప్పుడు తెలిపే వివరాలు కూడా ఇచ్చింది. దేశ రాజధానిలో ఇవ్వగలిగినదాన్ని వరంగల్‌లో, విజయవాడలో దాచాల్సిన అవసరం ఏముంది?

ట్రాఫిక్ వల్ల వేళలు తప్పుతాయన్నది మాత్రం నిజం. కాగితం మీది టైమును నమ్మి ఎండలో ముప్పావుగంట నిలబడ్డ రోజులు నాకూ ఉన్నాయి. అందుకే వేళల పట్టిక ఒక్కటే ఇస్తే సరిపోదు, బస్సు ఇప్పుడు ఎక్కడుందో కూడా చెప్పాలి. దానికి జీటీఎఫ్ఎస్ రియల్‌టైమ్ అని మరో భాగం ఉంది. ఏ ట్రిప్పు ఎన్ని నిమిషాలు లేటో, ఏది రద్దయిందో అందులో చెప్పవచ్చు. అయితే డిపోలో ట్రిప్పు రద్దు చేసిన వెంటనే ఆ సంగతి డేటాలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే రాని బస్సు కోసం జనాన్ని నిలబెట్టినట్టే. ఈ విషయంలో రాజీ పడకూడదు. ఇంకొకటి, ఈ వివరాలు నెలల తరబడి బయట ఉంటే ఏ కూడలి దగ్గర రోజూ ఎన్ని నిమిషాలు పోతున్నాయో ఎవరైనా లెక్కగట్టి చూపగలరు. లేటును సాకుగా చెప్పి డేటా ఆపితే ఆ లేటు ఎక్కడ పుడుతోందో జనానికి ఎప్పటికీ తెలియదు.

ఇక సొంత యాప్. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, ఎల్బీనగర్‌లో దిగి, హయత్‌నగర్ బస్సు అందుకోవాల్సిన మనిషిని తలచుకోండి. ఆమెకు ఇది ఒకటే ప్రయాణం. మెట్రో యాప్‌లో మెట్రో, ఆర్టీసీ యాప్‌లో బస్సు చూసుకుంటూ రెండిటి మధ్య లెక్క తనే వేసుకోవాలి. చివరికి స్టాపులో ఉన్నవాళ్లను "అన్నా, హయత్‌నగర్ బస్సు పోయిందా?" అని అడగాల్సిందే. అన్ని సంస్థల వివరాలూ ఒకే పద్ధతిలో బయట ఉంటే ఒక్క తెరమీదే దారంతా కనిపిస్తుంది. లండన్ రవాణా సంస్థ డేటాతో 600కు పైగా యాప్‌లు నడుస్తున్నాయని, దానివల్ల ఏటా 13 కోట్ల పౌండ్ల దాకా మేలు జరుగుతోందని 2017లో డెలాయిట్ అనే సలహా సంస్థ అధ్యయనం చెప్పింది. అందులో పెద్ద భాగం ప్రయాణికులకు ఆదా అయిన సమయమే.

కంపెనీలు సంపాదిస్తాయా? సంపాదించవచ్చు. కానీ డేటాకు తాళం వేస్తే, ఒప్పందం కుదుర్చుకునే స్తోమత ఉన్న పెద్ద కంపెనీకే అది దక్కుతుంది. తెరిచి పెడితే మన ఊరి ఇంజినీరింగ్ విద్యార్థికీ దక్కుతుంది. జీటీఎఫ్ఎస్‌లో స్టాపుల పేర్లను తెలుగులో ఇచ్చే వీలూ ఉంది. స్టాపులో నిలబడ్డ చూపులేని మనిషికి వచ్చే బస్సు నంబరును, ఊరి పేరును తెలుగులో చదివి వినిపించే యాప్‌లో పెద్ద కంపెనీకి లాభం కనిపించకపోవచ్చు. ఆ విద్యార్థి మాత్రం రెండు నెలలు కూర్చుని చేసిపెడతాడు, డేటా చేతికిస్తే.